చిత్రతురగానికి సుంకం

ఒక వస్తువు మీద ఉన్న హక్కు ఆ వస్తువు రూపాన్ని చూపే బొమ్మ మీదికి ఎంతవరకు పాకుతుందన్న ప్రశ్న పైకి న్యాయస్థానాలకు చెందినదిగా కనిపించినా, దాని వేళ్లు నామరూపాలకూ వాటిని ధరించే వస్తువుకూ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదనే ప్రాచీన విచారణలో ఉన్నాయి. పొలానికి యజమాని అయినవాడు ఆ పొలాన్ని చిత్రించిన పటానికి కూడా యజమాని కాడని చెప్పడానికి పెద్ద తర్కం అక్కర్లేదు; అయితే పొలం స్థానంలో ఒక పేరో, ముద్రో, రంగుల మేళవింపో ఉన్నప్పుడు, అంటే హక్కుకు విషయమైనదే ఒక సంకేతమైనప్పుడు, సంకేతానికీ దాని చిత్రానికీ మధ్య గీత గీయడం అంత తేలిక కాదు, ఎందుకంటే పేరును బొమ్మ మీద రాసినా అది పేరుగానే చదవబడుతుంది. ఈ చిక్కు 21వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికాలో, తత్త్వవేత్తలెవరూ వెతకని చోట, ఇంట్లో బల్లల మీద పట్టాలు పరచుకొని చిన్న రైళ్లు నడుపుకునేవారి వ్యాపకం చుట్టూ వ్యాజ్యరూపం దాల్చింది.

ఆ వ్యాపకం గురించి ముందు కొంత చెప్పాలి. నమూనా రైళ్లు చేసేవారికి రైలు పట్టాల మీద తిరగడం ఒక్కటే చాలదు. అది ఏ కంపెనీ రైలు, ఏ దశాబ్దానిది, ఏ కొండమార్గంలో నడిచినది అన్న వివరాలు సరిపోవాలి. ఉత్తర అమెరికాలో ఎక్కువమంది వాడే హెచ్‌వో అనే కొలతలో అసలు వాహనంలో 87వ వంతు పరిమాణంలో పెట్టెలు తయారవుతాయి, వాటి మీద తుప్పు మరకలను, పొగ మసిని కూడా రంగులతో దిద్దుతారు. అమెరికా రైల్వేలలో సరకు పెట్టె ఏ కంపెనీ పట్టాల మీదికైనా వెళ్తుంది కనుక, ప్రతి పెట్టె మీదా యజమానిని తెలిపే అక్షరాలు, సంఖ్య ఉంటాయి. యజమానిని తెలిపే ఆ అక్షరాలను రిపోర్టింగ్ మార్కు అంటారు. ఆ అక్షరాలు కొనుగోలుదారును ఆకర్షించడానికి రాసినవి కావు, పెట్టె ఎవరిదో గుర్తుపట్టడానికి రాసినవి. కాబట్టి వాటిని వదిలేసిన నమూనా, చూపవలసిన వస్తువును చూపకుండా వదిలేసినట్టే. బొమ్మకు పేరు అలంకారమైన సందర్భాలు వేరు, పేరు లేకపోతే బొమ్మ దేనికీ బొమ్మ కాకుండా పోయే సందర్భం వేరు. నమూనా రైలు రెండో కోవకు చెందినది, ఈ వివాదంలో వాదించినవారు ఈ భేదానికి ఇవ్వవలసినంత బరువు ఇవ్వలేదనిపిస్తుంది.

1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టంతో పుట్టిన యూనియన్ పసిఫిక్ కంపెనీ, 1869 మే 10న యూటాలోని ప్రొమాంటరీ శిఖరం దగ్గర పడమటి నుంచి వచ్చిన సెంట్రల్ పసిఫిక్ మార్గంతో కలిసి ఖండాన్ని దాటే రైలు మార్గాన్ని పూర్తి చేసింది. ఆ తర్వాత అది మిస్సోరి పసిఫిక్, వెస్టర్న్ పసిఫిక్, మిస్సోరి–కాన్సస్–టెక్సస్, చికాగో అండ్ నార్త్ వెస్టర్న్, సదరన్ పసిఫిక్ వంటి కంపెనీలను కలుపుకుంటూ పెరిగింది. 2000 తర్వాత ఆ కంపెనీ, తన పేరునూ తాను కలుపుకున్న కంపెనీల పేర్లనూ ముద్రలనూ నమూనాల మీద వేసే తయారీదారులందరూ లైసెన్సు తీసుకోవాలని, అమ్మకాల మీద రాయల్టీ చెల్లించాలని కోరింది. రాయల్టీ అంటే ఇతరుల హక్కును వాడుకున్నందుకు అమ్మకం విలువలో శాతంగా ఇచ్చే రుసుము. 2004లో అది అథర్న్, లయొనెల్ అనే తయారీదారుల మీద, తన ప్రధాన కార్యాలయం ఉన్న ఒమాహాలో దావా వేసింది. తర్వాత మేరీల్యాండ్‌కు చెందిన ఎంటీహెచ్ కంపెనీతోనూ వ్యాజ్యం నడిచింది. అథర్న్, లయొనెల్ రాజీకి వచ్చాయి, ఎంటీహెచ్ మాత్రం వెనక్కి తగ్గకుండా ఎదురు వాదానికి దిగింది. చివరకు 2006 నవంబరులో యూనియన్ పసిఫిక్ ఎంటీహెచ్‌కు రుసుము లేని శాశ్వత లైసెన్సు ఇవ్వడానికి ఒప్పుకొని, అదే సౌకర్యాన్ని మిగతా తయారీదారులకూ వర్తింపజేసింది. న్యాయస్థానం తీర్పు చెప్పకముందే వివాదం సద్దుమణిగింది కనుక, దానిలోని అసలు ప్రశ్నకు అధికారికమైన జవాబు దొరకలేదు.

ట్రేడ్‌మార్క్ అంటే ఒక సరకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కొనేవారికి తెలిపే గుర్తు. 1946లో వచ్చిన లాన్‌హామ్ చట్టం అమెరికాలో దీనికి ఆధారం. దాని ప్రధాన పరీక్ష ఏమిటంటే, ఇతరుడు ఆ గుర్తును వాడినందువల్ల కొనేవారు సరకు మూలం గురించి పొరబడే అవకాశం ఉందా లేదా అన్నది. అందుచేత మొదట అడగవలసినది, నమూనా ఇంజన్ కొన్నవాడు దాన్ని చూసి ఏ రకమైన జ్ఞానం పొందుతున్నాడన్న జ్ఞానశాస్త్ర ప్రశ్న, దీనికి భారతీయ అలంకారశాస్త్రంలో ఒక అద్భుతమైన సాధనం సిద్ధంగా ఉంది. కాశ్మీర పండితుడైన శ్రీశంకుకుడు నాట్యరసాన్ని వివరిస్తూ చిత్రతురగ న్యాయాన్ని ప్రతిపాదించాడని నాట్యశాస్త్రం మీద అభినవగుప్తుడు రాసిన వ్యాఖ్యానం ద్వారా తెలుస్తుంది. గోడ మీద గుర్రం బొమ్మను చూసి ప్రేక్షకుడు ఇది గుర్రమని అంటాడు. ఆ మాట వెనుక ఉన్న జ్ఞానం యథార్థజ్ఞానం కాదు, ఎందుకంటే అక్కడ గుర్రం లేదు. భ్రాంతి కాదు, ఎందుకంటే దగ్గరికి వెళ్తే విడిపోయే పొరపాటేదీ అతనికి లేదు. సంశయం కాదు, ఎందుకంటే గుర్రమో కాదో అని అతను ఊగిసలాడటం లేదు. గుర్రం లాంటిదని పోల్చే సాదృశ్యజ్ఞానం కూడా కాదు, ఎందుకంటే అతను పోల్చి చెప్పడం లేదు, గుర్రమనే చెబుతున్నాడు. ఈ నాలుగింటికీ చెందని అయిదో రకపు ప్రతీతి వల్లనే నటుడిని రాముడిగా చూడటం సాధ్యమవుతోందని శంకుకుడి వాదం. అభినవగుప్తుడూ అతని గురువు భట్టతౌతుడూ ఈ వాదంలోని అనుమితి భాగాన్ని, అంటే ప్రేక్షకుడు రసాన్ని ఊహించి తెలుసుకుంటాడన్న మాటను, గట్టిగా ఖండించారు, ఆ ఖండన రసచర్చకు ముఖ్యమైనదే. అయినా బొమ్మ చూసేవాడి జ్ఞానానికి భ్రాంతి అని పేరు పెట్టడం తగదన్న పరిశీలన మాత్రం ఖండన తర్వాత కూడా నిలుస్తుంది.

పసుపు రంగు వేసి యూనియన్ పసిఫిక్ డాలు ముద్ర అద్దిన అరచేతి ఇంజన్‌ను కొన్నవాడి స్థితి సరిగ్గా ఇదే. ఒమాహా కంపెనీ తనకు ఇంజన్ అమ్మిందని అతను అనుకోడు, అది వచ్చిన అట్టపెట్టె మీద తయారీదారు పేరు అతనికి స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఇది యూనియన్ పసిఫిక్ ఇంజన్ అని మిత్రులకు చూపుతాడు, ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఐరోపాలో ఇలాంటి ప్రశ్నే కారు బొమ్మ గురించి వచ్చింది: జర్మనీలో ఆటెక్ అనే కంపెనీ ఒపెల్ ఆస్ట్రా కారుకు 24వ వంతు నమూనా చేసి, దాని ముందు భాగంలో ఒపెల్ ముద్రను అసలు కారు మీద ఉన్నట్టే వేసినందుకు ఒపెల్ దావా వేసింది. 2007 జనవరి 25న ఐరోపా న్యాయస్థానం, బొమ్మ కొనేవారు ఆ ముద్రను తయారీదారు గుర్తుగా భావిస్తేనే సరకు మూలాన్ని తెలిపే ట్రేడ్‌మార్క్ పనికి హాని కలిగినట్టని చెప్పింది. తర్వాత 2010లో జర్మనీ సర్వోన్నత సివిల్ న్యాయస్థానం ఒపెల్ వాదాన్ని కొట్టేసింది. అసలు కారును నిజాయితీగా చూపడంలో భాగంగా ముద్ర వచ్చిందన్న గ్రహింపు ఆ తీర్పుల్లో ఉంది. శంకుకుడి పేరు వినని న్యాయమూర్తులు చిత్రతురగాన్ని తమంతట తాము కనుగొన్నారని చెప్పుకోవడంలో కొంత వినోదం ఉన్నా, అతిశయోక్తి లేదు.

అమెరికాలో మాత్రం ఇంకో ధార కూడా ఉంది. 1975లో టెక్సస్ వైపు అప్పీలు న్యాయస్థానం హాకీ జట్ల చిహ్నాలను గుడ్డ మీద కుట్టి అమ్మిన కంపెనీ కేసులో, జనం కొంటున్నది చిహ్నాన్నే కాబట్టి చిహ్నం యజమాని అనుమతి అవసరమని తీర్పునిచ్చింది. ఈ ఆలోచనలో చిహ్నం సరకు మూలాన్ని తెలిపే సాధనంగా ఉండటం మాని, తానే సరకుగా మారుతుంది. అప్పుడు హక్కుకు ఆధారంగా మోసం నుంచి రక్షణ అన్నది చాలదు, శ్రమఫలం అన్న వాదం కావాలి. 1689లో వెలువడిన గ్రంథంలో జాన్ లాక్, ఎవరికీ చెందని ప్రకృతిలో తన శ్రమను కలిపినవాడికి ఆ ఫలం మీద హక్కు వస్తుందని, అయితే ఇతరులకు తగినంత, అంతే మంచిది మిగిలి ఉండాలని వాదించాడు. యూనియన్ పసిఫిక్ అనే పేరు విన్నప్పుడు మనసులో మెదిలే గొప్పతనాన్ని ఎవరి శ్రమ సృష్టించిందని ఈ సూత్రం ప్రకారం అడిగితే, జవాబు కంపెనీ కోరుకున్నంత సూటిగా రాదు. మార్గం వేసినవారు ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు, అంతర్యుద్ధం ముగించుకున్న సైనికులు. సెంట్రల్ పసిఫిక్ వైపున చైనా నుంచి వచ్చిన వేలమంది. భూమి ప్రభుత్వం ఇచ్చింది: 1864 సవరణ తర్వాత మైలుకు 20 చదరపు మైళ్ల చొప్పున. డబ్బు కూడా చాలావరకు ప్రభుత్వ బాండ్ల రూపంలో, నేల తీరును బట్టి మైలుకు 16,000 నుంచి 48,000 డాలర్ల దాకా వచ్చింది. ఆ పేరుకు గౌరవం తెచ్చినవారిలో పట్టాల పక్క నిలబడి రైళ్ల ఫొటోలు తీసిన పిల్లలు, నమూనాలు చేసినవారు కూడా ఉన్నారు. 1948లో లయొనెల్ తన ఎఫ్3 డీజిల్ ఇంజన్ నమూనాను తెచ్చినప్పుడు, ఆ అచ్చుల ఖర్చులో శాంతా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు, అసలు ఇంజన్ చేసిన జనరల్ మోటార్స్ పాలుపంచుకున్నాయి. చిన్న రైలు పెద్ద రైలుకు ప్రచారమని అప్పట్లో రైల్వేలకు తెలుసు. రుసుము ప్రవహించిన దిశ అర్ధశతాబ్దంలో తలకిందులైంది.

అందరి నోళ్లలో నాని అర్థం సంతరించుకున్న పేరు ఒకరి సొత్తు కావచ్చా అన్న ప్రశ్న భారతదేశంలోనూ వచ్చింది: రామాయణం పేరును అగరుబత్తీలకు ట్రేడ్‌మార్క్‌గా కోరిన వ్యాపారికి 2015లో సుప్రీంకోర్టు ఆ హక్కును నిరాకరించింది. అయితే రైలు కంపెనీ పేరును పవిత్రగ్రంథం పేరుతో సమానం చేయడం తగదు, ఎందుకంటే కంపెనీ తన పేరుతో ఇంకా సేవ అమ్ముతోంది, ఆ సేవ విషయంలో మోసపోకుండా ఉండే హక్కు ప్రజలకు ఉంది. ఈ భేదాన్ని మరచిపోతే నమూనాకారుల వాదం కూడా అతిగా సాగుతుంది.

స్వత్వం అంటే ఒక వస్తువు తనదన్న సంబంధం. అది శాస్త్రం చెబితేనే తెలిసేదా, లోకవ్యవహారం నుంచి తెలిసేదా అని ధర్మశాస్త్రకారులు దీర్ఘంగా చర్చించారు. కల్యాణి చాళుక్యుల కాలంలో యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు స్వత్వం లౌకికమని, శాస్త్రం ఎరగనివారి మధ్య కూడా కొనుగోలు, అమ్మకం సాగుతున్నాయి కనుక అది లోకం నుంచే తెలుస్తుందని నిర్ణయించాడు. ఈ మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరమనే పద్యకృతిని తెలుగులో రచించాడు గనుక, స్వత్వవిచారం తెలుగు సాహిత్యానికి తొలినాళ్ల నుంచే పరిచితమని గుర్తించవచ్చు. లౌకికమన్న మాటను గంభీరంగా తీసుకుంటే, ఒక హక్కు విస్తృతి ఎంతో తెలుసుకోవడానికి ఆ లోకంలో అప్పటిదాకా సాగిన నడవడినే చూడాలి. నమూనా రైళ్ల లోకంలో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో తన కంపెనీని మొదలుపెట్టిన నాటి నుంచి చాలా దశాబ్దాల పాటు రైల్వేల పేర్లు వాడుకోవడం బహిరంగంగా సాగింది.

ఈ దీర్ఘానుభవం గురించి యాజ్ఞవల్క్యుడి నియమం ఒకటుంది: యజమాని చూస్తూ కూడా అభ్యంతరం చెప్పకుండా ఉంటే, పరుడు అనుభవించిన భూమి 20 ఏళ్లకు, ఇతర ధనం 10 ఏళ్లకు హాని పొందుతుంది. ఆ హాని దేనికి జరుగుతుందన్న దగ్గర విజ్ఞానేశ్వరుడి వ్యాఖ్య చాలా సూక్ష్మంగా ఉంటుంది. మౌనం వల్ల స్వత్వమే నశిస్తుందంటే దొంగ కూడా కాలం గడిపి యజమాని కాగలడు, కాబట్టి నశించేది స్వత్వం కాదు, ఆ కాలంలో వచ్చిన ఫలాన్ని తిరిగి అడిగే హక్కు మాత్రమే నశిస్తుందని ఆయన తేల్చాడు. అమెరికా న్యాయంలో కూడా చూస్తూ ఊరుకున్న యజమాని ఆలస్యాన్ని ప్రతివాది తన రక్షణగా చెప్పుకునే వీలుంది. 2006 రాజీని మితాక్షర కళ్లతో చదివితే, ముద్ర కంపెనీదిగానే ఉంది, ఫలం మాత్రం విడిచిపెట్టబడింది. ఇంత దగ్గరి పోలిక ఎవరూ ఉద్దేశించి తెచ్చినది కాదు కనుకనే దానికి విలువ ఉంది. కచ్చితంగా చెప్పాలంటే విజ్ఞానేశ్వరుడు గడిచిన ఫలం గురించి మాట్లాడాడు, రాజీ రాబోయే ఫలాన్ని కూడా వదులుకుంది. ఆ మేరకు రైల్వే చేసినది శాస్త్రం అడిగినదానికంటే ఎక్కువే.

అంతరించిన కంపెనీల పేర్ల విషయం ఇంతకంటే లోతైనది. నమూనాకారులు వాటిని పడిపోయిన జెండాలు అంటారు, వాటి మీదే వారికి మక్కువ ఎక్కువ. సదరన్ పసిఫిక్ 1996లో యూనియన్ పసిఫిక్‌లో కలిసింది. ఆ పేరుతో నడిచే సేవ లేనప్పుడు ఆ పేరు విషయంలో మోసపోయేవాడెవడు? కంపెనీ జవాబు వారసత్వం. గౌతమ ధర్మసూత్రం స్వత్వానికి చెప్పిన మార్గాల్లో రిక్థం, అంటే వారసత్వంగా వచ్చిన ఆస్తి, మొదటిది కాబట్టి ఆ జవాబును తేలిగ్గా తోసివేయలేము. అయితే అదే ధర్మశాస్త్రం రిక్థాన్ని ఒంటరిగా ఇవ్వలేదు. ఆస్తిని తీసుకున్నవాడు గతించినవారికి పిండం పెట్టాలని, వారి ఋణాలు తీర్చాలని నియమించింది. గతించిన రైల్వే పేరును ఏటా తలచుకుంటున్నవాడు, దాని స్టేషన్లను పాత ఫొటోలు చూసి అంగుళం అంగుళంగా తిరిగి కట్టుకుంటున్నవాడు నమూనాకారుడు. శ్రాద్ధం ఒకరు చేస్తుంటే వారి దగ్గర వారసుడు దక్షిణ అడగడం ఈ దృష్టితో చూస్తే వింతగా ఉంటుంది.

కథ ఇక్కడే ఆగి ఉంటే తీర్పు సులభమయ్యేది. 2005, 2006 సంవత్సరాల్లో, అంటే వ్యాజ్యం నడుస్తుండగానే, యూనియన్ పసిఫిక్ తనలో కలిసిపోయిన ఆరు రైల్వేల రంగులతో ఆరు కొత్త డీజిల్ ఇంజన్లను సిద్ధం చేసి అసలు పట్టాల మీద నడిపింది. మిస్సోరి పసిఫిక్ రంగులు వేసిన ఇంజన్ సంఖ్య 1982, సదరన్ పసిఫిక్ రంగులు వేసినదాని సంఖ్య 1996. ఆ కంపెనీలు యూనియన్ పసిఫిక్ చేతికి వచ్చిన ఏళ్లే ఆ సంఖ్యలు. దీన్ని పితృస్మరణగా చదవడానికి ఏ అడ్డూ లేదు, రైల్వే ఉద్యోగుల్లోనూ అభిమానుల్లోనూ చాలామంది అలాగే చూశారు. కానీ ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం వరసగా మూడేళ్లు వాడకుండా ఉంటే ఆ గుర్తును విడిచిపెట్టినట్టు ప్రాథమికంగా భావిస్తారు. కాబట్టి పాత రంగులు మళ్లీ పట్టాల మీదికి రావడం పాత పేర్ల మీద హక్కును బతికించే వాడకంగా కూడా పనికొస్తుంది. కంపెనీ మనసులో ఏముందో నిర్ణయించడం ఇక్కడ సాధ్యం కాదు, అవసరమూ కాదు. గమనించవలసినది చట్టం కల్పించిన నిర్మాణం. స్మరణ ఏ చర్య ద్వారా జరుగుతుందో స్వత్వస్థాపన కూడా అదే చర్య ద్వారా జరిగేలా అది ఏర్పరచింది, అందువల్ల పేరు తలచుకోవడానికీ పేరు పట్టుకోవడానికీ మధ్య బయటి నుంచి తేడా చూపలేని స్థితి వచ్చింది. గీత బోధించిన నిష్కామకర్మ చర్చలో కర్తృత్వం, ఫలాపేక్ష చర్య ఆకారంలో కనిపించవని వ్యాఖ్యాతలు చెప్పే మాట, ఒక కార్పొరేషన్ విషయంలో మరింత కఠినంగా వర్తిస్తుంది, ఎందుకంటే కార్పొరేషన్‌కు పరీక్షించి చూసుకోవడానికి అంతఃకరణం లేదు.

నమూనాకారులు రైల్వేలకు ఏమీ బాకీ లేరా అన్న ప్రశ్నను ఇంతమాత్రాన వదిలేయకూడదు. వారి ఆనందం ఇతరుల శ్రమ మీద ఆధారపడింది, దానికి ఋణం ఉంది. వైదిక సంప్రదాయం మనిషి మూడు ఋణాలతో పుడతాడని చెప్పి, వాటిని తీర్చే పద్ధతిని కూడా చెప్పింది: ఋషుల ఋణం అధ్యయనంతో, దేవతల ఋణం యజ్ఞంతో, పితరుల ఋణం సంతానంతో తీరుతుంది. ఋషి ఋణాన్ని ఋషికి డబ్బుగా చెల్లించే ఏర్పాటు లేదు, అందుకున్నదాన్ని చెడకుండా ముందుకు అందించడమే చెల్లింపు. 1941లో తయారైన బిగ్ బాయ్ ఆవిరి ఇంజన్ చక్రాల అమరికను తప్పు లేకుండా చిన్న కొలతలో చేసి పిల్లలకు చూపించే వ్యక్తి తన ఋణాన్ని ఈ పద్ధతిలో తీర్చుతున్నాడు. రుసుము మాత్రం పట్టాలు వేసిన కూలీకి గానీ, పేరు పెట్టినవారికి గానీ చేరదు, నేటి వాటాదారులకు చేరుతుంది. ఈ వాదానికి ఒక హద్దు ఉంది, దాన్ని దాచకూడదు: నమూనాను అమ్మి లాభం పొందే తయారీదారు ఋషి ఋణం పేరు చెప్పి తప్పించుకోలేడు, అతని చర్య వాణిజ్యమే. అభిరుచి ఉన్నవాడికీ తయారీదారుకీ మధ్య ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల ఆనాటి చర్చల్లో భావావేశం ఎక్కువై స్పష్టత తగ్గింది; రుసుము తయారీదారు మీద పడినా చివరకు ధరలో కలిసి అభిమాని మీదికే వస్తుందన్నది నిజమే గానీ, ఎవరు భరిస్తారన్నది ఎవరు బాధ్యులన్న ప్రశ్నకు జవాబు కాదు.

రాజీ తర్వాత ఇంకొక చిక్కు మిగిలింది, అది మొదటిదానికంటే సన్ననిది. దానం చెల్లాలంటే ఇచ్చేవాడికి ఆ వస్తువు మీద స్వత్వం ఉండి తీరాలని ధర్మశాస్త్రాలన్నీ ఒప్పుకుంటాయి. పరుల సొత్తును దానం చేయడం దానమే కాదు. రుసుము లేని శాశ్వత లైసెన్సు కూడా ఒక రకమైన దానమే కనుక, దాన్ని స్వీకరించిన తయారీదారులు, నమూనా మీద పేరు వేయడానికి అసలు అనుమతి అవసరమా అన్న ప్రశ్నలో అవతలి పక్షం జవాబును ఒప్పుకున్నట్టయింది. వారి చేతిలో డబ్బు మిగిలింది, పెట్టెల మీద అక్షరాలు నిలిచాయి. కానీ చిత్రతురగాన్ని గీసేవాడు గుర్రపు యజమానిని అడగాలా వద్దా అన్నది ఒమాహా న్యాయస్థానంలో తేలకుండానే మిగిలింది. మరో రైల్వే, మరో దశాబ్దంలో ఇలాంటి అనుమతిని ఇవ్వకూడదనుకుంటే, తయారీదారులు 2006 నాటి ఒప్పందాన్ని తమ హక్కుకు సాక్ష్యంగా చూపలేరు. దాన్ని అవతలి పక్షమే తన స్వత్వానికి సాక్ష్యంగా చూపే వీలుంది.